బీటా చాటున

పూర్తికాని సాఫ్ట్‌వేర్ మీద కంపెనీ రిపోర్టులు తయారు చేయవచ్చా అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలను. చిక్కేమిటంటే, చేయవచ్చని ఎంత ధాటిగా చెప్పగలనో, కూడదని కూడా అంతే ధాటిగా చెప్పగలను. రెండు వాదనలకూ నా దగ్గర తేదీలున్నాయి, ఉదాహరణలున్నాయి, అవసరమైతే వాడుకోవడానికి అనుభవజ్ఞుడి గొంతు కూడా ఉంది. ఏ రోజు ఏ వాదన నోటికొస్తుందన్నది ఆ సాఫ్ట్‌వేర్ ఎంతవరకు తయారైందన్న దాన్ని బట్టి ఉండదేమోనని నాకు చాలా ఆలస్యంగా అనుమానం మొదలైంది. ఆ అనుమానాన్నే ఇక్కడ కాస్త కదిపి చూద్దామనుకుంటున్నాను.

నా పని రిపోర్టులు తయారు చేయడం. ఎరువులు, పురుగుమందులు డీలర్లకు సరఫరా చేసే సంస్థల్లోనే ఎక్కువ కాలం గడిపాను. ఏ డీలరు ఎంత సరుకు ఎత్తాడు, ఎంత కట్టాడు, మిగిలిన బాకీ ముప్పై రోజుల లోపుదా, అరవై దాటిందా, తొంభై దాటిందా. దీన్నే ఏజింగ్ రిపోర్టు అంటారు. చూడటానికి అందం చందం లేని కాగితం. కానీ తొలకరి పడ్డాక, తొంభై దాటిన గడిలో పేరున్న డీలరుకు లోడు కదలదు. డీలరుకు లోడు రాకపోతే ఆ ఊళ్లో రైతు యూరియా కోసం పక్క ఊరికి పరుగెత్తాలి. ఈ గొలుసు చివరిదాకా నాకు తెలుసు. ఎవరైనా అడిగితే బోర్డు మీద గీసి మరీ చెబుతాను. కొత్త టూలు కంటపడిన రోజున మాత్రం, గొలుసుకు ఈ కొసన కూర్చున్న నేను తప్ప ఇంకెవరూ గుర్తుకు రారు.

2004 జనవరిలో మైక్రోసాఫ్ట్, రిపోర్టులు తయారు చేసే రిపోర్టింగ్ సర్వీసెస్‌ని విడుదల చేసింది. అసలు అది యూకాన్ అనే ముద్దుపేరుతో తయారవుతున్న తర్వాతి ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేసుతో కలిసి రావలసినది. అడిగేవాళ్లు ఎక్కువై, అప్పటికి వాడుకలో ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000కి జతగా ముందే ఇచ్చేశారు. క్రిస్టల్ రిపోర్ట్స్ అనే పాత టూలుతో కుస్తీ పడుతున్న మాలాంటి వాళ్లకు అది పండగే. అయితే అందులో ఒక లోటు ఉండేది. రిపోర్టు తెరిచేటప్పుడు జిల్లా ఎంచుకోమంటే ఒక్క జిల్లానే ఎంచుకోవాలి. మార్కెటింగ్ చూసే ఆయన వచ్చి, "కృష్ణా, గుంటూరు, ప్రకాశం మూడూ కలిపి చూపించవయ్యా, నా ఏరియా అంతే కదా" అనేవారు. మూడు జిల్లాల పేర్లను కామాలు పెట్టి ఒకే మాటగా పంపించి, డేటాబేసు లోపల దాన్ని మళ్లీ ముక్కలు చేసి, ఎలాగో సాధించేవాళ్లం. ఆ తంటాలు పడటంలో చిరాకు ఎంత ఉండేదో, పడి సాధించానన్న గర్వమూ అంతే ఉండేది. ఈ గర్వం సంగతి గుర్తు పెట్టుకోవాలి, మళ్లీ అవసరపడుతుంది.

ఆ ఏడాది జూలైలో యూకాన్ బీటా 2, అంటే పూర్తికాకముందే పరీక్షించి చూడటానికి ఇచ్చే రూపం, వచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలకోసారి ప్రివ్యూలు వస్తూ ఉండేవి. కొత్తదానిలో జిల్లాల పక్కన చిన్న చిన్న గడులు. ఎన్ని కావాలంటే అన్నిటికి టిక్కు పెట్టుకోవచ్చు. నిలువు వరస తల మీద నొక్కితే పెద్ద బాకీలు పైకి వస్తాయి. తేదీ టైపు చేయనక్కర్లేదు, క్యాలెండరు తెరుచుకుంటుంది. ఇక నేను ఆగలేదు. కొత్త ఆర్థిక సంవత్సరం రిపోర్టులన్నీ ఈ బీటా మీదే మొదలుపెడదామని ఒక నోటు రాశాను. ఎలాగూ రాబోయే వెర్షనే, ఇప్పుడు పాతదానిలో చేసి తర్వాత మళ్లీ చేయడం రెట్టింపు పని అని రాశాను. మనం పూర్తి చేసే వేళకు అదీ విడుదలై ఉంటుందని రాశాను. 2005 మొదటి ఆరు నెలల్లో వస్తుందని వాళ్లే చెబుతున్నారని గుర్తు చేశాను. సర్వర్ పడిపోయినా పక్క సర్వర్ అందుకునేలా డేటాబేస్ మిర్రరింగ్ ఉంది కాబట్టి రిపోర్టులు ఆగనే ఆగవని కూడా రాశాను. నోటు బాగా కుదిరింది. ఇప్పటికీ దానిలో అబద్ధమేమీ కనిపించదు.

అందులో లేనిది వేరే ఉంది. హైదరాబాదులో మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ 1998 నుంచి ఉంది. అమీర్‌పేటలో అడుగడుగునా కంప్యూటర్ కోర్సుల బోర్డులు. నాతో చదువుకున్నవాళ్లలో సగం మంది అమెరికాలోనో, అమెరికా కంపెనీల్లోనో ఉన్నారు. నేను బేగంపేటలో ఒక ఎరువుల పంపిణీ ఆఫీసులో, మూడో అంతస్తులో, బాకీల పట్టికలు చేస్తున్నాను. యూకాన్ అనే మాట అమీర్‌పేట ఫ్లెక్సీల మీదికి ఎక్కకముందే నా రెజ్యూమెలో ఉండాలి. ఇదీ అసలు కారణం. జిల్లాల టిక్కు గడులు మార్కెటింగ్ ఆయన కోసం కాదు, నా కోసం.

ఇది ఒప్పుకోవడం అంత కష్టం కాదు. కుర్రతనం, ఆశ, అందరికీ ఉండేదే అని సర్దుకోవచ్చు. దాని కింద ఉన్న ఇంకో కారణం ఒప్పుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది. అప్పటికి నేను చేసి ఇచ్చిన రిపోర్టుల మీద ఫిర్యాదులు పేరుకుపోయి ఉన్నాయి. ఒకదానిలో వాపసు వచ్చిన సరుకు రెండుసార్లు తీసేస్తోందని, ఇంకొకదానిలో మార్చి నెల బిల్లులు ఏప్రిల్లో పడుతున్నాయని. పెద్దవి కావు. కూర్చుని ఒక్కొక్కటీ సరిచేయాలి. విసుగు పుట్టించే పని, ఎవరూ మెచ్చుకోని పని. కొత్త వెర్షన్ మీద మొదటినుంచీ చేస్తున్నాం అంటే పాత ఫిర్యాదులన్నీ ఒక్క దెబ్బకు రద్దు. "అది కొత్తదానిలో సర్దుకుంటుందండీ" అన్న ఒక్క మాటతో ఎంత పని తప్పించుకోవచ్చో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. బద్ధకం ఎప్పుడూ పడుకునే కనిపించదు. కొన్నిసార్లు రాత్రి పొద్దుపోయేదాకా కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటూ కూర్చుంటుంది.

ఆ నోటు అకౌంట్స్ చూసే పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆయన మొత్తం చదివి, కళ్లజోడు తీసి, ఒక్కటే అడిగారు. "లెక్కలో తేడా వస్తే ఎవరిని అడగాలయ్యా?"

"ఇంకా బీటాలో ఉంది కదండీ, చిన్న చిన్న తేడాలుంటాయి. కంపెనీవాళ్లకు రాస్తే తర్వాతి ప్రివ్యూలో సరిచేస్తారు" అన్నాను.

"అది కాదు, నేను అడిగింది నిన్నా, వాళ్లనా?" అన్నారు. ఆ తర్వాత నవ్వేసి, "కొత్త బియ్యం ఇంట్లోవాళ్లం ముద్ద చేసుకుని తినొచ్చు గానీ, చుట్టాలొచ్చినప్పుడు వండరయ్యా" అని, వేరే మెషీన్ మీద పెట్టి చూసుకోమన్నారు. ఆఫీసు రిపోర్టులు మాత్రం పాతదాని మీదే నడిచాయి.

కొన్నాళ్లు మొహం మాడ్చుకుని తిరిగాను. వీళ్లకు టెక్నాలజీ అర్థం కాదని క్యాంటీన్లో అన్నాను. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం వదల్లేదు. నాకు బీటా మీద అంత మోజు ఎందుకో దానిలోనే ఉంది. పూర్తయిన సాఫ్ట్‌వేర్‌లో అంకె తప్పితే తప్పు నాది. ఎక్కడో రెండు పట్టికల్ని కలిపే జాయిన్ సరిగా రాయలేదు, ఏదో షరతు మరిచిపోయాను. పూర్తికాని సాఫ్ట్‌వేర్‌లో అంకె తప్పితే అది ఎవరిదో తేలదు. నా తప్పు వాళ్ల తప్పులో కలిసిపోతుంది. పైగా సాహసం చేస్తున్న వాడినన్న పేరు. బాగా వస్తే నా ప్రతిభ, రాకపోతే బీటా. ఇంత సుఖమైన ఏర్పాటు ఇంకెక్కడ దొరుకుతుంది?

యూకాన్ చివరికి ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 అనే పేరుతో ఆ ఏడాది నవంబరు 7న విడుదలైంది. ఏళ్లుగా సభల్లో గొప్పగా చూపిస్తూ వచ్చిన డేటాబేస్ మిర్రరింగ్‌ని విడుదల రోజున పక్కన పెట్టేశారు. పరీక్షించి చూసుకోవచ్చు గానీ, అసలు పనికి వాడితే మద్దతు ఇవ్వబోమన్నారు. 2006లో మొదటి సర్వీస్ ప్యాక్ వచ్చాకే దానికి పూర్తి అనుమతి. అది చదివినప్పుడు నాకు కలిగిన భావం గురించి చాలాసార్లు ఆలోచించాను. మా ఆఫీసు ఒక ఇబ్బంది తప్పించుకుందన్న ఊరట అని చెప్పగలిగితే బాగుండేది. ఊరట కాదు. నా నోటులో ఒక వాక్యం ఓడిపోయిందన్న ఉక్రోషం. ఆ పెద్దాయనకు ఈ సంగతి తెలియకపోతే బాగుండునన్న కోరిక. ఆయన ఎలాగూ ఇలాంటి వార్తలు చదవరు.

ఇంతవరకే ఐతే కథ తేలిక. దుడుకు వయసు, దాన్ని అడ్డుకున్న పెద్దరికం, తర్వాత వచ్చిన వివేకం. ఆ తర్వాత కొన్నేళ్లు నేనూ ఇలాగే నమ్మాను. కానీ 2008 సంగతి తలుచుకుంటే ఆ వివేకం మీద కూడా నమ్మకం పోతుంది.

2008 ఫిబ్రవరి 27న లాస్ ఏంజలెస్‌లో పెద్ద వేడుక చేసి విండోస్ సర్వర్ 2008, విజువల్ స్టూడియో 2008, ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 మూడింటినీ కలిపి ఆవిష్కరించారు. మూడోది అప్పటికి తయారవలేదు. ఆగస్టులో గానీ చేతికి రాలేదు. ఉత్పత్తి లేకుండా ఆవిష్కరణ చేయడమనే విద్యలో మన రాజకీయ నాయకులే మొనగాళ్లనుకునేవాణ్ణి. సరే, ఆ మధ్యలోని ప్రివ్యూల మీద రిపోర్టులు మొదలుపెడదామా అన్న ప్రశ్న ఈసారి నా ముందుకు వచ్చింది. అడిగింది మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. తేల్చవలసింది నేను.

వద్దన్నాను. ఎంత బాగా చెప్పానంటే, ఆ పెద్దాయన ఉంటే మురిసిపోయేవారు. రిపోర్టు ఫైలు లోపల మొదటి వరసల్లోనే దాని వ్యాకరణం ఏ ఏడాది, ఏ నెలదో రాసి ఉంటుంది. పాత ఫైలుని కొత్త డిజైనర్‌లో తెరిస్తే దాన్ని కొత్త వ్యాకరణంలోకి మార్చేస్తుంది. మార్చినదాన్ని పాత సర్వర్ తీసుకోదు. కొత్త సర్వర్‌లో తీసిన బ్యాకప్ పాత సర్వర్ మీద ఎక్కదు. అంటే ఒకసారి ముందుకు వెళితే వెనక్కి దారి లేదు. బీటా లైసెన్సులు సాధారణంగా వ్యాపారపు పనికి వాడటాన్ని ఒప్పుకోవు, దానికి విడిగా గో-లైవ్ అనుమతి కావాలి. ఇవన్నీ వరసగా చెప్పి, చివర్లో ఇంకొక్క మాట అన్నాను. "మామూలు ప్రోగ్రాము చెడిపోతే ఆగిపోతుంది, అందరికీ తెలుస్తుంది. రిపోర్టు చెడిపోతే ఆగదు బాబూ, తప్పు అంకె వేసి చూపిస్తుంది. ఎప్పటిలాగే, అదే అక్షరాల్లో, అదే గీతల మధ్య."

ఈ చివరి మాటను ఇప్పటికీ వెనక్కి తీసుకోను. మా వృత్తిలో నేను కనుక్కున్న నిజం ఏదైనా ఉంటే అది ఇదే. ఒక అంకె కాగితం మీద పడ్డాక అది ఎక్కడ పుట్టిందో ఎవరూ అడగరు. క్రెడిట్ మేనేజరు దాని కింద ఎర్ర గీత గీస్తాడు, మిర్యాలగూడలో ఒక డీలరుకు ఫోను వెళుతుంది. ఆ డీలరు జన్మలో బీటా అన్న మాట విని ఉండడు.

కానీ ఆ నిజాన్ని ఆ రోజు నేను దేనికి వాడుకున్నాను? అదీ చెప్పాలి.

2008లో రిపోర్టింగ్ సర్వీసెస్‌ని లోపలినుంచి తిరగరాశారు. అంతకుముందు టేబుల్ వేరు, మ్యాట్రిక్స్ వేరు. వాటిని కలిపి ట్యాబ్లిక్స్ అన్నారు. పాత మ్యాట్రిక్స్‌లో మొత్తాల వరసను మన ఇష్టప్రకారం చూపించడానికి ఇన్‌స్కోప్ అనే ఫంక్షన్‌తో ఒక గారడీ చేయాల్సి వచ్చేది. అంకెల గడి ఏ గుంపులో ఉందో కనిపెట్టి, మొత్తం గడి అయితే ఒకటి, కాకపోతే ఇంకొకటి చూపించేలా. ఆ గారడీలో నేను దిట్టని. పక్క కంపెనీలవాళ్లు ఫోన్ చేసి అడిగేవారు. శనివారాలు ఇద్దరు ముగ్గురికి ఉచితంగా నేర్పేవాణ్ణి కూడా, పైకి ఉదారంగా. ఆ కుర్రాడు ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర తన ల్యాప్‌టాప్ తెరిచి, ప్రివ్యూలో ట్యాబ్లిక్స్‌తో అదే పట్టికను మౌస్‌తో లాగి చూపించాడు. పక్కపక్కనే రెండు గుంపులు, నెలవారీ ఒకటి, ఉత్పత్తివారీ ఒకటి. దాన్ని పాతదానిలో చేయాలంటే నేను ఒక రోజు కూర్చోవాలి. వాడు పెరుగన్నం పూర్తయ్యేలోగా చేశాడు.

"బాగుంది" అన్నాను. ఆ సాయంత్రమే వద్దని తేల్చాను.

వాడి మీద నాకు కోపమేమీ లేదనే అనుకున్నాను. కాస్త తరచి చూస్తే కోపమే. నా తంటాలన్నీ, వాటి వల్ల వచ్చిన గౌరవమంతా ఒక కొత్త వెర్షన్ ఊడ్చేయబోతోందని తెలిసిన భయం, అది పైకి వచ్చేటప్పుడు జాగ్రత్తగా పేరు మార్చుకుని వచ్చింది. 2004లో నేను కొత్తదాన్ని కోరుకున్నది నాకు పాత పని లేకుండా పోవడానికి. 2008లో వద్దన్నది నా పాత పని ఇంకొన్నాళ్లు నిలబడటానికి. రెండుసార్లూ చెప్పిన కారణాలు సరైనవే. రెండుసార్లూ వాటిని వెతికింది ముందే తేల్చుకున్నాక.

ఇక్కడ నన్ను ఒక సందేహం పట్టుకుంటుంది. కారణాలు సరైనవైనప్పుడు వాటి వెనకాల ఏముంటే ఏం? 2008లో వద్దనడం ఆ ఆఫీసుకి మంచి నిర్ణయమే కావచ్చు. డీలరుకు కావలసింది సరైన అంకె గాని, నా నిర్మలమైన మనసు కాదు. ఇలా లోపలికి తవ్వుకోవడం కూడా ఒకరకం గొప్ప చెప్పుకోవడమేమో. నా తప్పుల్ని నేనే ఎంత చక్కగా చూడగలనో చూడండి అని. చాలా రోజులు ఈ సందేహం దగ్గరే ఆగిపోయాను.

ఇప్పుడు నాకు తోచే జవాబు పూర్తిగా తృప్తినివ్వదు, కానీ చెబుతాను. కారణం వెనకాల ఉన్న కోరిక, నిర్ణయం తీసుకున్న రోజుతో పోదు. ఆ తర్వాత దేన్ని పరీక్షించాలి, దేన్ని చూసీ చూడనట్టు వదిలేయాలి అన్నది కూడా అదే తేలుస్తుంది. బీటా మీద మోజుతో తీసుకున్నవాణ్ణి దాని లోపాల్ని వెతకను, ఎందుకంటే దొరికితే మళ్లీ పాతదానికి వెళ్లాలి. భయంతో వద్దన్నవాణ్ణి దాని గుణాల్ని చూడను, ఎందుకంటే కనిపిస్తే నేర్చుకోవాలి. 2008లో వద్దన్నాక ఏడాదిన్నర పాటు ఆ కొత్త వెర్షన్ తెరిచి కూడా చూడలేదు. అప్పటికి అది ప్రివ్యూ కాదు, విడుదలై చాలా కాలమైంది. అయినా "ఇంకా కుదురుకోలేదు" అనే అంటూ వచ్చాను. ఆ కుర్రాడు అప్పటికే వేరే ఉద్యోగంలోకి వెళ్లిపోయాడు.

ఈ మధ్యకాలంలో పరిస్థితి మరీ చిత్రంగా మారింది. పూర్వం బీటా అంటే ఒక కాలం. మొదలు ఉండేది, చివర ఉండేది, వేరే మెషీన్ మీద ఎక్కించాలి, గడువు దాటితే పనిచేయదు. అప్పట్లోనే జీమెయిల్ మాత్రం 2004 ఏప్రిల్ 1న మొదలై 2009 జూలై దాకా బీటాగానే ఉంది, కోట్లమంది ఆ మాటను పట్టించుకోకుండా వాడేశారు. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ వారి రిపోర్టుల టూలు పవర్ బీఐలో ఆప్షన్లు తెరిస్తే ప్రివ్యూ సదుపాయాల జాబితా ఉంటుంది, ఒక్కొక్కదాని పక్కన ఒక గడి. టిక్కు పెడితే అదే మెషీన్‌లో, అదే రిపోర్టులో, అదే నిమిషంలో పని మొదలు. ఒక డేటాసెట్ మీద ఇంకో మోడల్ కట్టుకునే సదుపాయం 2020 డిసెంబరులో ప్రివ్యూగా వచ్చి 2023 ఏప్రిల్‌లో గానీ పూర్తి స్థాయికి చేరలేదు. రెండేళ్ల పైచిలుకు దాని మీద ఎన్ని ఆఫీసుల నెలవారీ లెక్కలు నడిచాయో. 2022 మేలో అందులోనే వచ్చిన డేటామార్ట్స్ అయితే ప్రివ్యూ దశ దాటనే లేదు, వాటిని వాడుకుంటున్నవాళ్లను చివరికి ఫాబ్రిక్ వేర్‌హౌస్‌కి మారిపొమ్మన్నారు. ప్రివ్యూల షరతులు చదివితే ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం, మారవచ్చు, తీసేయనూ వచ్చు అని స్పష్టంగానే ఉంటుంది. దాచిందేమీ లేదు. చదవకుండా టిక్కు పెట్టేది మనమే.

టిక్కు పెట్టడం ఇంత తేలికయ్యాక, నిర్ణయం తీసుకుంటున్నామన్న స్పృహ కూడా పోయింది. 2004లో కనీసం ఒక నోటు రాయాల్సి వచ్చింది, ఒక పెద్దాయన కళ్లజోడు తీయాల్సి వచ్చింది.

2025 మేలో మైక్రోసాఫ్ట్ ట్రాన్స్‌లిటికల్ టాస్క్ ఫ్లోస్ అనే సదుపాయాన్ని ప్రివ్యూగా ప్రకటించింది. పేరు నోరు తిరగదు గానీ విషయం చిన్నదే. రిపోర్టు ఇంతకాలం చూడటానికే. ఇప్పుడు దానిలోంచే డేటాబేసులోకి రాయవచ్చు. రిపోర్టు మీద ఒక మీట నొక్కితే పైథాన్‌లో రాసిన చిన్న ఫంక్షన్ నడిచి, మనం టైపు చేసిన మాటను లోపల భద్రపరుస్తుంది. నాకు ఒళ్లు పులకరించింది. ఎందుకంటే మా సేల్స్ కుర్రాళ్లు ఫీల్డులో డీలరుని కలిశాక "పత్తి డబ్బులు రాగానే కడతానన్నాడు", "చెక్కు ఇచ్చాడు, పదిహేను తర్వాత వేయమన్నాడు" లాంటి మాటలు వాట్సాప్‌లో పంపుతారు. ఆఫీసులో ఒకరు వాటిని ఎక్సెల్లో ఎక్కిస్తారు. సగం పోతాయి. ఆ రిమార్కు నేరుగా ఏజింగ్ రిపోర్టులోనే, ఆ డీలరు పేరు పక్కనే రాసుకోగలిగితే ఎంత బాగుంటుందని ఏళ్లుగా అందరం అనుకుంటున్నదే. ఆ ఖరీఫ్‌లోనే మొదలుపెడదామా అన్నది ప్రశ్న.

ఈసారి ఒక పద్ధతి పెట్టుకున్నాను. నోటు రాసే ముందు కారణాలన్నీ ఒక కాగితం మీద రాసి, ఈ పని నేను చేసినట్టు ఎవరికీ తెలియకపోయినా ఈ కారణం నిలుస్తుందా అని ఒక్కొక్కదాన్నే అడిగాను. "మిగతావాళ్లకంటే ముందుంటాం" పోయింది. "టీమ్‌కి కొత్త నైపుణ్యం వస్తుంది" అన్నదాని దగ్గర కొంచెం బేరమాడాను. చూస్తే ఆ వాక్యంలో టీమ్ అంటే నేనే, అదీ పోయింది. "ఎలాగూ రాబోయేదే" అన్నది నా పాత చుట్టం, గుర్తుపట్టి కొట్టేశాను. వ్యతిరేకంగా రాసుకున్న వాటినీ అలాగే అడిగాను. "ఇంకా కుదురుకోలేదు" అన్నదాని కింద పైథాన్ నేర్చుకోవాలంటే ఉన్న నా బద్ధకం కనిపించింది. అన్నీ పోగా ఒకటి మిగిలింది. వాట్సాప్‌లో పోతున్న సగం మాటలు. అది మాత్రం నా పేరు తీసేసినా నిలిచింది.

దాంతో ఒక గీత గీశాను. అంకెల జోలికి ప్రివ్యూని రానివ్వకూడదు. ఏజింగ్ లెక్క పాత పద్ధతిలోనే ఉంటుంది. రిమార్కులకు మాత్రం కొత్తది వాడదాం, విడిగా ఒక పేజీలో, అది పోయినా లెక్క చెదరకుండా. ఎక్సెల్ కూడా పక్కన నడుస్తుంది. ఎవరి లోడూ ఆగదు. రాసి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఇన్నేళ్లకు ఒక నిర్ణయాన్ని మోజు లేకుండా, భయం లేకుండా తీసుకున్నానని.

టీమ్‌లో ఇద్దరమే ఇప్పుడు. రెండో ఆమె చిన్నది, తక్కువ మాట్లాడుతుంది. నోటు చదివి, "బాగుంది సార్" అని, ఒక నిమిషం ఆగి అడిగింది. "కానీ సార్, క్రెడిట్ మేనేజర్ గారు లోడు ఆపేది రిమార్కు చూసే కదా? తొంభై దాటినా 'చెక్కు ఇచ్చాడు' అని ఉంటే వదిలేస్తారు. ఏమీ లేకపోతే ఆపేస్తారు. రిమార్కు సేవ్ అయిందనుకుని అవకపోతే?"

ఇది నాకు తెలియని సంగతి కాదు. ఆ మేనేజరు టేబుల్ పక్కన కూర్చుని ఎన్నోసార్లు చూశాను. అంకె తొంభై దాటినవాళ్లు ప్రతి సీజన్లోనూ పదులకొద్దీ ఉంటారు. అందరికీ ఆపితే వ్యాపారం నడవదు. ఎవరికి ఆపాలన్నది ఆ మాటే తేలుస్తుంది. అంటే అంకె ఒకపక్క, మాట ఒకపక్క అని నేను గీసిన గీత అసలు లేనే లేదు. నేనెందుకు దాన్ని అక్కడ గీశానో ఆమె అడగలేదు. అడగకపోయినా నాకు తెలుస్తూనే ఉంది. కొత్తదాన్ని ముట్టుకోవడానికి వీలైన చోట గీశాను. కాగితం మీద నా కారణాలన్నిటినీ అంత కఠినంగా ప్రశ్నించినవాణ్ణి, ఆ గీతని ఒక్క ప్రశ్నా అడగలేదు.

"సేవ్ అయిందో లేదో సాయంత్రం ఎక్సెల్‌తో సరిచూసుకోవచ్చు" అన్నాను.

"రోజూ ఎవరు చూస్తారు సార్?" అంది.

చూద్దాం, రేపు మాట్లాడదాం అన్నాను. నోటు ఇంకా పంపలేదు. రోజూ ఒకరు సరిచూసే మాటైతే వాట్సాప్ కన్నా ఇది ఏ రకంగా మేలో తేల్చుకోవాలి. ఖరీఫ్ కాకుండా, లోడ్ల ఒత్తిడి లేని నెలల్లో ఒక్క జిల్లాతో మొదలుపెడితే ఎలా ఉంటుందో ఆమెనే అడగాలి. అది కూడా నేను నా కోరికకు వెతుకుతున్న ఇంకో సందు అయితే, ఆమె చెబుతుందనే నమ్మకం ఉంది. ఆ సాయంత్రం ఆమె వెళ్లిపోయాక ప్రివ్యూలో కొత్తగా ఏం చేర్చారో తెరిచి చదివాను. నిర్ణయానికి అవసరమని కాదు. ఆగలేక.